పెట్రోల్ కారు, ఎలక్ట్రిక్ కారు, మోటార్‌సైకిల్: ఏది మేలు?

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఎలక్ట్రిక్ కారు అనగానే మొహం చిట్లించడం నాకు మింగుడుపడదు. ఇంజిన్ శబ్దం నాకూ ఇష్టమే. చేత్తో గేర్లు మార్చుకునే కారంటే ఇంకా ఇష్టం. అయినా రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి, పిల్లల్ని బడి దగ్గర దింపడానికి ఏ కారు కొనాలని అడిగితే తడుముకోకుండా ఎలక్ట్రిక్ అనే చెబుతాను. నడపడంలోని ఆనందం కోసమైతే మోటార్‌సైకిల్. మరి పెట్రోల్ కారు అక్కర్లేదా అంటే, దాని అవసరం ఇంకా ఉంది. కాకపోతే చాలామంది అనుకునే చోట కాదు.

ముందు ట్రాఫిక్ సంగతి. పెట్రోల్ ఇంజిన్‌కు కాస్త ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ఎక్కితేగానీ సరైన టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, రాదు. క్లచ్, గేర్‌బాక్స్ పెట్టింది అందుకే. ఎలక్ట్రిక్ మోటారుకు ఆ బాధ లేదు, చక్రం కదలకముందే టార్క్ సిద్ధంగా ఉంటుంది. అడుగడుగునా ఆగే రోడ్డు మీద ఎడమ కాలికి పనే పడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి బండిని నెమ్మది చేస్తుంది, ఆ కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. బ్రేక్ ప్యాడ్లు అరిగేదీ తక్కువే. పెట్రోల్ కారులో పోసిన ఇంధనం శక్తిలో చక్రాల దాకా చేరేది పావు వంతుకు అటూ ఇటూ, మిగతాదంతా చాలావరకు వేడిగా పోతుంది. మంచి ఎలక్ట్రిక్ మోటారు తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా పనికి వాడుతుంది. రోజువారీ తిరుగుడుకు ఇంతకన్నా వాదన అక్కర్లేదు.

ఇదంతా కొత్త మోజు అనేవాళ్లకు ఒక్క మాట. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటింది ఎలక్ట్రిక్ కారే. 1899లో బెల్జియంకు చెందిన కమీ జెనాట్జీ గంటకు 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. తర్వాత పెట్రోల్ కారు పైచేయి సాధించడానికి ఒక ముఖ్య కారణం, 1912లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సెల్ఫ్ స్టార్టర్. ముందు నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పే గొడవ దాంతో తీరిపోయింది. అంటే పెట్రోల్ కారును గెలిపించినదాంట్లో ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారుకూ వాటా ఉంది.

పెట్రోల్ ఎక్కడ మేలు? బరువు దగ్గర, దూరం దగ్గర. కిలో పెట్రోల్‌లో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో బ్యాటరీ ప్యాక్‌లో పట్టేది మామూలుగా 0.2 యూనిట్ లోపే. మోటారు ఎంత పొదుపరి అయినా ఇంత తేడాను పూడ్చలేదు. 1989లో వచ్చిన మాజ్డా ఎమ్‌ఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారు మొదటి మోడల్ బరువు టన్నుకు లోపే, ఇప్పటి ఎలక్ట్రిక్ ఫ్యామిలీ కార్లు చాలావరకు దానికి దాదాపు రెట్టింపు. బ్యాటరీ అడుగున ఉంటుంది కాబట్టి మలుపులో అంతగా ఒరగవు, నిజమే. కానీ గట్టిగా బ్రేక్ వేసి మలుపులోకి దిగితే ఆ బరువు స్టీరింగ్ దగ్గరే తెలిసిపోతుంది. దూర ప్రయాణంలో ఫాస్ట్ ఛార్జర్ 80 శాతం దాకా చకచకా ఎక్కిస్తుంది, ఆపైన నత్తనడకే. అందుకే 80 దగ్గర తీసేసి బయల్దేరడం తెలివైన పని. చలి బాగా ఉంటే రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లగలిగే దూరం, ఇంకా తగ్గుతుంది. వారంలో సగం రోజులు హైవే మీదే గడిపేవాళ్లకు, రాత్రి ఛార్జింగ్ పెట్టుకునే చోటు లేనివాళ్లకు పెట్రోలే కొనుక్కోమంటాను.

మలుపుకు ముందు బ్రేక్ మీద పాదం ఉంచి, క్లచ్ నొక్కి, మడమతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి మూడో గేరు నుంచి రెండుకు దిగడంలో ఉన్న తృప్తి వేరు. అన్నీ కుదిరితే బండి చిన్న కుదుపు కూడా లేకుండా దిగుతుంది. హ్యుందాయ్ 2023లో తెచ్చిన అయోనిక్ 5 ఎన్ లేని గేర్లను ఉన్నట్టుగా అనిపించేలా చేస్తుంది, ఇంజిన్ శబ్దం కూడా వినిపిస్తుంది. ఇంజినీర్ల పనితనానికి దండం పెట్టాలి. కానీ కాలి కింద క్లచ్ లేనప్పుడు ఆ తృప్తి నాకు రాదు.

ఆ తృప్తి నిండుగా దొరికేది మోటార్‌సైకిల్ మీదే. వేగంలో ఉన్నప్పుడు కుడివైపు తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టాలి, బండి కుడికి ఒరుగుతుంది. మొదట నమ్మబుద్ధి కాదు, అలవాటయ్యాక వదలబుద్ధి కాదు. ఇక్కడ మాత్రం నా ఓటు ఇంకా పెట్రోల్‌కే. బైక్ ఫ్రేములో పెద్ద బ్యాటరీ పట్టదు, పైగా నడిపేవాడి ఒంటికి తగిలే గాలి ఎదురు తోస్తుంది. ఊళ్లో వచ్చే రేంజ్ హైవే వేగంలో దాదాపు సగానికి పడిపోతుంది. స్కూటర్ అయితే ఎలక్ట్రిక్‌దే మేలు. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని బైక్‌ను, హెల్మెట్ లేని ప్రయాణాన్ని మాత్రం ఎవరికీ చెప్పను, మన చుట్టూ రేకు కూడా ఉండదు మరి.

నిజంగా నన్ను బాధపెట్టేది మోటారు కాదు, టచ్‌స్క్రీన్. ఫోన్‌ను కారుకు కలిపి మ్యాప్ పెద్దగా చూసుకోవడం చాలా మంచి సౌకర్యం, దాన్ని కాదనను. కానీ ఏసీ తగ్గించడానికి, వైపర్ వేగం పెంచడానికి కూడా తెరలో వెతకాలా? గతుకుల రోడ్డు మీద వేలు ఒక బొమ్మ మీద పెట్టబోతే పక్కదాని మీద పడుతుంది, మళ్లీ చూడాలి, మళ్లీ నొక్కాలి. ఆ సమయమంతా కళ్లు రోడ్డు మీద ఉండవు. గుండ్రటి నాబ్ అయితే చేతికే తెలుస్తుంది. 2022లో వీ బీలెగరె అనే స్వీడన్ పత్రిక గంటకు 110 కిలోమీటర్ల వేగంలో దీన్ని పరీక్షించింది. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో నాలుగు పనులకు పట్టింది 10 సెకన్లు. టచ్‌స్క్రీన్ ఉన్న ఎమ్‌జీ మార్వెల్ ఆర్ కారులో 44.9 సెకన్లు, ఈలోపు కారు 1,372 మీటర్లు వెళ్లిపోయింది. యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్, హారన్, వైపర్ లాంటివాటికి విడిగా బటన్ గానీ లివర్ గానీ ఉంటేనే పూర్తి మార్కులిస్తామని తేల్చింది. ఎప్పుడో రావాల్సిన నిబంధన ఇది.

కాబట్టి ఎలక్ట్రిక్ కారు చూడ్డానికి వెళ్తే పికప్ అడగకండి, అది ఎలాగూ బాగుంటుంది. ఆగి ఉన్న కారులో కూర్చుని, తలెత్తి ఎదురుగా చూస్తూనే వైపర్, ఏసీ, అద్దం మీద ఆవిరి పోగొట్టే బటన్ చేతికి అందుతాయేమో చూడండి. అందకపోతే దాన్ని వదిలేసి బటన్లున్న ఇంకో ఎలక్ట్రిక్ కారు వెతుక్కోండి.