ముప్పై షాట్ల పెట్టె: ఆరు దీపావళుల అనుభవం

2019 నుంచి 2024 దాకా ఏటా ఒకే తయారీదారు అమ్మే, ఒక్క వత్తితో వరుసగా ముప్పైసార్లు ఆకాశంలోకి ఎగసి పగిలే 30 షాట్ల బాణసంచా పెట్టెలు రెండు కొంటూ వచ్చాను. ఒకటి దీపావళి రాత్రి కళింగపట్నంలో మా ఇంటికి దూరంగా ఉన్న ఇసుక మైదానంలోనూ, రెండవది నాగుల చవితికి బొబ్బిలిలో అత్తవారింటి వెనుక కళ్లంలోనూ కాలుస్తాము. వత్తి అంటుకోవడంలోనూ, షాట్ గొట్టం నుంచి నిటారుగా పైకి లేవడంలోనూ ఈ పెట్టెకు వంక పెట్టలేను. నా అసంతృప్తి అంతా ఆకాశంలో పగిలిన తర్వాత జరిగే దాని గురించే. చప్పుడు వినిపిస్తుంది, పొగ కనిపిస్తుంది, కాని పది పన్నెండు చుక్కలు విచ్చుకోవలసిన చోట ఐదారే వెలుగుతాయి.

మొదటి రెండేళ్లు రంగుమందు తక్కువ పోశారనే అనుకున్నాను. మూడవ ఏడు, తెల్లవారి ఇసుకలో శనగగింజంత రంగుమందు గుళికలు, ఒక్కొక్కటి ఒక్కో చుక్కగా వెలగవలసినవి, చెక్కుచెదరకుండా కనిపించినప్పుడు అసలు సంగతి తెలిసింది. షాట్ పగిలేటప్పుడు గుళికకు మంట తగిలేది లిప్తపాటే. ఆలోగా అంటుకోకపోయినా, అంటుకున్న నిప్పును ఎదురుగాలి ఆర్పేసినా, అది చీకట్లోనే నేలకు చేరుతుంది. అందుకే రంగుమందు మీద సులువుగా అంటుకునే నల్లని పూత వేస్తారు. దొరికిన గుళికల్లో కొన్నింటికి ఆ పూత అలాగే ఉంది, అంటే వాటికి మంటే అందలేదు. కొన్నింటికి పూత కాలిపోయి లోపలి మందు మిగిలింది, అంటే నిప్పు పైనుంచి లోపలికి పాకలేదు. రెండవ రకమే ఎక్కువగా కనిపించింది కనుక లోపం పూతకూ రంగుమందుకూ మధ్యనే ఉందని నా అభిప్రాయం.

అన్ని రంగులూ ఒకేలా మొరాయించవు. బొగ్గు పాలు ఎక్కువగా ఉండే బంగారు చుక్కలు ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా నిరాశపరచలేదు. స్ట్రాన్షియంతో వచ్చే ఎరుపు ఫర్వాలేదు. నీలమే మహా పెంకిది. రంగులకు వాడే, మంటకు ఆక్సిజన్ అందించే పెర్‌క్లోరేట్ అనే రసాయనం కలిసిన మిశ్రమాలు తుపాకిమందు కన్నా ఎక్కువ వేడి తగిలితే గాని అంటుకోవు. పైగా రాగి ఇచ్చే నీలం మంట మరీ వేడెక్కితే వెలవెలబోతుంది కాబట్టి, అంటుకున్నవి కూడా కొన్ని తెల్లగానే కనబడ్డాయి. ఆకుపచ్చ సంగతి వేరు. ఆ రంగునిచ్చే బేరియం లవణాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో నిషేధించింది కాబట్టి, పెట్టె మీది బొమ్మలో పచ్చని పువ్వు ఎంత నిండుగా ఉన్నా ఆకాశంలో దాన్ని ఆశించడం మానేశాను.

తేమ ప్రభావం ఎంతటిదో 2022లో స్పష్టంగా చూశాను. ఒకే దుకాణంలో, ఒకే తయారీ నెల ముద్ర ఉన్న రెండు పెట్టెలు మూడు వారాల ముందే కొన్నాము. సముద్రపు గాలి తగిలే మా కొట్టు గదిలో, పైకాగితం చిరిగిన ఒక పెట్టె ఉండిపోయింది. రెండవది బొబ్బిలిలో అటక మీద, మూత గట్టిగా బిగించిన రేకు డబ్బాలో ఉంది. కళింగపట్నం పెట్టెలో నీలం షాట్లు దాదాపు అన్నీ సగం చుక్కలతోనే విరిశాయి, బొబ్బిలి పెట్టెలో రెండు మూడే అలా అయ్యాయి. మన ఇళ్లలో కాకరపువ్వొత్తులను చాటలో పోసి ఎండబెట్టినట్టు షాట్ల పెట్టెను కూడా ఎండలో పెట్టాలని మా అత్తయ్యగారు పట్టుబట్టారు. మరుసటి ఏడు ఆ ముచ్చటా తీర్చాము గాని గుణమేమీ కనబడలేదు. చెమ్మకు ఒకసారి చెడిన పూత ఎండకు బాగుపడదేమో! ఇంత మందు కూరిన పెట్టెను మండుటెండలో ఉంచడం ప్రమాదం కూడా, మళ్లీ ఆ పని చేయను.

ఇప్పుడు పండుగకు రెండు రోజుల ముందే, పైకాగితం బిగుతుగా ఉన్న పెట్టె చూసి, బంగారు, ఎరుపు రంగులే ఎక్కువగా ఉన్న రకం కొంటున్నాను. నీలం కోసం అదనంగా పెట్టే డబ్బు దండగ. కాలని గుళికలు బూడిద రంగులో గులకరాళ్లలా ఉంటాయి కనుక పిల్లలు ఏరి జేబులో వేసుకునే ప్రమాదం ఉంది. తెల్లవారగానే పెద్దవాళ్లమే వెళ్లి, చేత్తో తాకకుండా చేటలోకి ఊడ్చి, నీళ్ల బకెట్‌లో వేసి రాత్రి దాకా నాననిస్తాము.