పూత వచ్చేదాకా నోరు విప్పని తీగ: హార్డీ కివీతో తొమ్మిదేళ్లు

కివీ జాతికే చెందిన ఈ హార్డీ కివీ తీగ మీద నాకున్నది ఒకే ఒక్క కోపం. తాను ఆడో మగో పూత వచ్చేదాకా చెప్పదు. ఆకు తీరును బట్టి, కాడ రంగును బట్టి పోల్చుకోవచ్చని చెప్పేవాళ్ల మాట నేను ఇక నమ్మను. నమ్మి అయిదేళ్లు పోగొట్టుకున్నాను.

ద్రాక్షపండంత కాయ కాస్తుందనీ, నూగు ఉండదు కాబట్టి తొక్కతోనే తినవచ్చనీ ఈ తీగ పేరు విన్నవారందరికీ తెలుసు. వాటి జోలికి వెళ్లను. మొదటి ఏడాది నేను తెచ్చుకున్నవి రెండు మొక్కలు. ఒకదానికి ఆడ అనీ, మరొకదానికి మగ అనీ చీటీలు కట్టి ఉన్నాయి. ఆడ మొక్క కాయడానికి మగ మొక్క పుప్పొడి కావాలి, ఒక్క మగ తీగ ఆరేడు ఆడ తీగలకు సరిపోతుంది, అందుకే జంటగా కొన్నాను. రెండింటికీ ఎండ తగిలే చోటు చూసి, నీరు నిలవకుండా మట్టిని ఎత్తు చేసి, పందిరి వేశాను. మూడో ఏటికి పందిరి నిండిపోయింది. చూసినవాళ్లందరితో దీనంత సులువైన తీగ మరొకటి లేదని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి.

నాలుగో వసంతంలో మొదటిసారి మొగ్గలు కనిపించాయి. వారం తిరక్కుండానే ఒక రాత్రి చలి సున్నాకు రెండు డిగ్రీలు దిగువకు జారింది. తెల్లారేసరికి చిగుళ్లన్నీ వేడినీళ్లు పోసినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. నిద్రలో ఉన్నప్పుడు సున్నాకు 25 డిగ్రీల దిగువ చలిని కూడా తట్టుకునే మొక్క, కళ్లు తెరిచాక అంత చిన్న చలికి ఓడిపోతుంది. పేరులోని 'హార్డీ' (గట్టిది) అన్న మాట శీతాకాలానికే వర్తిస్తుందని అప్పుడు తెలిసింది. తీగ చావలేదు, కణుపుల నుంచి మళ్లీ చిగురించింది. పూత మాత్రం ఆ ఏడు లేదు.

అయిదో ఏడు రెండు తీగలూ విరగబూశాయి. తెల్లని రేకులు, మధ్యలో పుప్పొడి మోసే నల్లటి కేసరాలు. రెండింటిలోనూ కేసరాలు చూసి పొంగిపోయాను. రేకులు రాలాక కొన్ని పిందెలు పదిరోజులు నిలిచాయి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. నా కళ్లు కాయలు కాచాయి తప్ప తీగకు ఒక్క కాయ నిలవలేదు.

రెండు వీధుల అవతల ఉండే ఒక పెద్దావిడ పెరట్లోనూ ఈ తీగలు ఉన్నాయని తెలిసి, ఆలస్యంగా విచ్చిన నాలుగు పూలు కోసి తీసుకెళ్లాను. ఆవిడ ఏమీ అనకుండా తన మగ తీగ పువ్వు ఒకటి తెంపి నా పువ్వుల పక్కన పెట్టింది. ఇక ఎవరూ వివరించనక్కర్లేదు. నా పువ్వు నడిమధ్య చిన్న ఆకుపచ్చ బుడిపె, దాని మీద నక్షత్రంలా విచ్చుకున్న తెల్లని పోగులు ఉన్నాయి. ఆవిడ పువ్వులో అవేవీ లేవు, ఉన్నవన్నీ కేసరాలే. ఆడ పువ్వుకూ కేసరాలు ఉంటాయి, పుప్పొడి కూడా రాలుతుంది, అయితే ఆ పుప్పొడిలో సత్తువ ఉండదు. నన్ను మోసం చేసింది అదే. రెండు తీగల నుంచీ తీసుకెళ్లిన పువ్వులూ ఆడవే. మగ అని రాసిన చీటీని అయిదేళ్లు దాచుకున్నాను. అది రాసినవారి మీద కోపం ఈరోజుకీ పూర్తిగా పోలేదు.

ఆవిడ గుప్పెడు మగ పూలు కాగితంలో చుట్టి ఇచ్చింది. మర్నాడు పొద్దున మంచు ఆరాక, ఒక్కో మగ పువ్వుకు రేకులు తీసేసి, పందిరి మీద మిగిలిన ఆడ పూల మధ్యలో నెమ్మదిగా రాశాను. ఒక్క పువ్వు నాలుగైదింటికి సరిపోయింది. ముప్ఫై ఒక్క పూలకు రాశాను, ఇరవై ఆరు కాయలు నిలిచాయి. ఆ శరదృతువులో ఒక కాయను కోసి గింజలు నల్లబడ్డాయని చూసుకుని, మిగిలినవి గట్టిగా ఉండగానే కోసి ఇంట్లో మాగబెట్టాను. వేలితో నొక్కితే మెత్తగా తగిలిన రోజున తిన్న మొదటి పండు రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది. దుకాణంలో దొరికే నూగు కివీకి అంత తీపి, అంత వాసన నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే నిశ్చయించుకున్నాను, ఇక చీటీని నమ్మి మొక్క కొనను, నా కళ్లతో పువ్వు చూసిన తీగ నుంచే కొమ్మ తెచ్చుకుంటాను అని. గింజలు నాటితే దాదాపు సగం మగవే వస్తాయి, ఏది ఏమిటో తెలియడానికి మళ్లీ అన్నేళ్లు ఆగాలి. కొమ్మ అయితే తల్లి ఏదో పిల్లా అదే.

మొదట చలికాలంలో ఆవిడ కత్తిరించి పడేసిన ముదురు కొమ్మలు ఇరవై తెచ్చి గుచ్చాను. వసంతంలో అన్నీ చిగురించాయి. సంబరపడి ఒకటి లాగి చూస్తే అడుగున ఒక్క వేరు లేదు, కొమ్మలో దాచుకున్న బలంతోనే ఆకులు వచ్చాయి. చివరికి బతికినవి రెండు. ఆ రెండూ మొదటి వేసవి దాటలేదు.

వేసవి మొదట్లో ఆవిడ మగ తీగ పూతలో ఉండగానే కొన్ని కొమ్మలకు ఎర్ర దారం కట్టి వచ్చాను. రెండు వారాల తర్వాత ఆ కొమ్మల మీది కొత్త రెమ్మలు కోశాను. వంచితే విరిగేంత లేతగా ఉండకూడదు, కర్రలా బిగిసి ఉండకూడదు. జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, మూడు కణుపులు. కింది ఆకులు తీసేసి, పై ఆకును సగానికి కత్తిరించి, వేరు హార్మోను పొడిలో ముంచి, పెర్లైటు (తేలికైన తెల్లని గుల్ల రాయి), కొబ్బరి పొట్టు సమంగా కలిపిన కుండీలో గుచ్చాను. పైన ప్లాస్టిక్ కవరు కప్పి, నేరుగా ఎండ పడని చోట పెట్టాను. అయిదు వారాలకు పన్నెండింటిలో తొమ్మిది వేరు పట్టాయి. ఇంత ఆనందం నాకు కాయలు కోసినప్పుడు కూడా కలగలేదు.

అయితే వేరు పట్టించడం సులువని అప్పట్లో అందరితో చెప్పాను, ఆ మాటకు ఒక షరతు చేర్చాలి. ఆ తొమ్మిదింటిలో వచ్చే వసంతాన్ని చూసినవి అయిదే. రెండింటిని శరదృతువులో అనవసరంగా కుండీ మార్చి వేళ్లు కదిల్చాను, అవి చలికి పోయాయి. మరో రెండింటిని పిల్లి నమిలేసింది. ఈ తీగ వాసన పిల్లులను ఎంతగా లాగుతుందో చూస్తేగాని నమ్మలేం. అప్పటి నుంచి లేత మొక్కల చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి. ఓపిక ఉన్నవారు ఒక పొడవాటి కొమ్మను వంచి నేలలో అంటు తొక్కితే ఇంత హైరానా ఉండదు. నాకు తల్లి తీగ వేరే ఇంట్లో ఉండటం వల్ల ఆ వీలు లేకపోయింది.

కత్తిరింపు గురించి ఒక్కమాట. తీగ గాఢనిద్రలో ఉన్నప్పుడే ఆ పని ముగించాలి. ఒకసారి ఆలస్యంగా, చిగుళ్లు ఉబ్బే వేళ కోశాను, కోసిన చోట రోజుల తరబడి నీరు కారింది. కోయకుండా వదిలేస్తే ఏడాదిలో నాలుగైదు మీటర్లు పాకి తన నీడలో తానే కాయడం మానేస్తుంది.

కొమ్మ నుంచి పెంచిన మగ తీగ మూడో వసంతంలో, అంటే నిరుడు పూసింది. తేనె ఉండదు కాబట్టి తేనెటీగలు ఈ పూల మీద పెద్దగా మక్కువ చూపవు. అందుకే ఇప్పటికీ కొన్ని పూలకు చేత్తోనే రాస్తాను. అయినా రెండు బుట్టలు నిండాయి.

మీరు పెట్టుకోవచ్చా అంటే, నాకు చలికాలం గట్టిగా ఉంది, పందిరికి చోటు ఉంది, పూత చూపించి కొమ్మ ఇచ్చిన మనిషి ఉంది. చలి తగలని చోట ఈ తీగ సరిగా పూయదు, అక్కడివారికి నేను సిఫారసు చేయలేను. ఒక్క మొక్కకే చోటుంటే మగ తోడు లేకుండా కాసే 'ఇస్సై' రకం ఉంది. కుండీలో పెంచి చూశాను, కాయలు చిన్నవి, కొద్దిగానే వచ్చాయి.

ఈ వసంతంలో వానలు విడవకుండా కురిసి పెద్దావిడ పెరట్లో నీరు నిలిచింది. ఆ మగ తీగ వేరు కుళ్లి చనిపోయింది. నా దగ్గర దాని కొమ్మల నుంచి వచ్చిన మొక్కలు ఇంకా నాలుగు ఉన్నాయి. వాటిలో పూత చూసినదాన్నే ఎంచి, కాడకు రాగితీగతో అల్యూమినియం బిళ్ల కట్టి, మొన్న ఆవిడ పెరట్లో మట్టిని మోకాలెత్తు దిబ్బగా పోసి నాటి వచ్చాను.