టెక్సాస్ కాలనీల్లో హెచ్‌ఓఏ: కట్టే డబ్బుకు దక్కేదేంటి?

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అంటే లిఫ్టు, వాచ్‌మన్ కళ్లెదుటే కనిపిస్తారు. విడి ఇంటికి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు దేనికని డాలస్ దగ్గరి ఫ్రిస్కో, హ్యూస్టన్ దగ్గరి కేటీ వైపు ఇల్లు కొనే తెలుగువాళ్లు అడగడం సహజమే. కాలనీ చివరి వాననీటి చెరువు చూస్తే సంగతి తెలుస్తుంది. కొత్త లేఅవుట్లలో ఆ చెరువు, పార్కు, ప్రహరీ బాగోగులను చాలా నగరాలు తమ నెత్తిన వేసుకోవు. బిల్డర్ అమ్ముకుని వెళ్లిపోతాడు. ఖర్చు పెట్టడానికి ఎవరో ఒకరు మిగలాలి కాబట్టి సంఘం. షరతులు ప్లాటుతోపాటే రిజిస్టరై వస్తాయి, చేరనంటే కుదరదు.

సేవగా చూస్తే ఉమ్మడి స్థలాల నిర్వహణకు మంచి మార్కులే వేయొచ్చు. గడ్డి పెరిగిందని, చెత్తడబ్బా బయటుందని ఉత్తరాలు పంపే పద్ధతికి మాత్రం వేయలేం.

అందుకే నెల ఫీజు ఎంతని కాకుండా రిజర్వ్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం సంఘం దాచిన నిధి) ఎంతని అడగండి. చెరువు పూడిక తీయాల్సిన ఏడాది నిధి లేకపోతే స్పెషల్ అసెస్‌మెంట్ (ప్రత్యేక వసూలు) పేరుతో ఆ ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది. పాత ఇల్లయితే సంఘం లెక్కలు, వివరాలు చెప్పే రీసేల్ సర్టిఫికెట్ తెప్పించుకోండి, దాని ఫీజు 375 డాలర్లు దాటకూడదు. రిజర్వ్, బడ్జెట్, నడుస్తున్న కేసులు అన్నీ అందులో ఉంటాయి. ఆప్షన్ పీరియడ్ (కొనుగోలు ఒప్పందాన్ని వదులుకునే వీలున్న గడువు) అయ్యాక చదివితే లాభం లేదు. కొత్త కాలనీలో సంఘాన్ని నడిపే బోర్డు చాలాకాలం బిల్డర్ చేతిలోనే ఉంటుంది. 75 శాతం ప్లాట్లు అమ్ముడైన 120 రోజుల్లోపు మూడోవంతు బోర్డు సభ్యులనైనా ఇళ్లవాళ్లు ఎన్నుకోవాలి.

సరిదిద్దుకోగల తప్పుకు జరిమానా వేసేముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు, సరిచేసుకునే గడువు ఇవ్వాలి. 30 రోజుల్లోపు హియరింగ్ (మీ వాదన వినమని) అడగొచ్చు. గుమ్మానికి మామిడి తోరణం కట్టారని ఉత్తరం వస్తే భయపడక్కర్లేదు: కొన్ని మినహాయింపులు తప్ప, మతవిశ్వాసంతో ఇంటికి పెట్టుకున్నవాటిని సంఘం అడ్డుకోకూడదు.

జరిమానా మీద కోపంతో అసెస్‌మెంట్ (సంఘానికి కట్టాల్సిన ఫీజు) కట్టడం మానేయడమే అసలు ప్రమాదం. ఒట్టి జరిమానా బాకీకి ఇల్లు వేలం వేయలేరు, అసెస్‌మెంట్ బాకీకి వేయగలరు. చేతిలో డబ్బు లేకపోతే వాయిదాల ప్లాన్ రాతపూర్వకంగా అడగండి. 14కి మించి ప్లాట్లున్న సంఘం కనీసం మూడు నెలల వాయిదాల ప్లాన్ ఇవ్వాలి. కానీ గత రెండేళ్లలో అలాంటి ప్లాన్ తప్పినవాళ్లకు మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు.