ఎరువుల దుకాణంల ఎనిమిదేళ్లు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడినంక నా అనుభవం

మాది హాలియాల విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం. సాగర్ ఎడమకాల్వ కింది ఊర్లే మా గిరాకీ, వానాకాలం యాసంగి రెండు సీజన్లు ఒడ్డెక్కితే మాకు ఏడాది గడిచినట్టే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, ఆ ఏడాది దసరా దాటినంక ఈ సాఫ్ట్‌వేర్ తీసుకున్న, అప్పటిసంది అదే నడుస్తుంది. పేరు రాస్తలేను, ఎందుకంటే దాని లోపాలు గూడ చెప్పేది ఉంది, పైగా నేను చెప్పేవాటిల సగానికి ఎక్కువ ఏ కంపెనీది తీసుకున్నా మీకు ఎదురయ్యేటివే.

జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను, వ్యాట్ రోజులల్ల మా పని ఎట్లుండెనో ముందు చెప్తా. నెల ఒడవంగనే కొనుగోలు బిల్లులన్నీ కట్ట కట్టి సంచిల ఏసుకొని బస్సెక్కి నల్లగొండ పోవుడు, ఆడిటర్ సారు దగ్గర వంతుకు కూసునుడు, ఆయన కాలిక్యులేటర్ కొట్టుకుంట వ్యాట్ 200 ఫారం నింపుడు. ఒక్క బిల్లు తక్కువ పడితే దుకాణానికి ఫోన్ చేసి, పిల్లగాడు ర్యాకులన్నీ ఎతికి, నంబర్ చదివి చెప్పేదాంక ఆడనే. చిట్టా వేరు, ఉద్దెర ఖాతా వేరు, స్టాక్ రిజిస్టర్ వేరు, సర్కారుకు ఇచ్చే లెక్క ఇంకో వేరు. ఒకటే బస్తాను నాలుగు చోట్ల రాసేటోళ్లం, నాలుగు చోట్లా ఒక్కతీరుగ ఉండేది కాదు.

సాఫ్ట్‌వేర్ వచ్చినంక మారింది ఇదే. రిటర్న్, అంటే సర్కారుకు ఇచ్చే పన్ను లెక్క, నెలాఖరుకు చేసే వేరే పని కాకుండ పోయింది, కౌంటర్ మీద బిల్లు కొట్టుడే రిటర్న్ అయింది. ఈ మాట నాకు అర్థం కానీకి ఏడాది పట్టింది. మొదట్ల నేను గూడ బిల్లులు చేతితోటి రాసి, నెలాఖరుకు మా బిడ్డను కూసోబెట్టి అన్నీ ఒక్కపారి ఎక్కించేటోన్ని, అట్లయితే సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకున్నా ఒకటే, సంచి పోయి కంప్యూటర్ వచ్చింది అంతే. 2019 వానాకాలం సంది ఏ రోజు బిల్లు ఆ రోజే కొట్టుడు మొదలువెట్టినం, అప్పటికెల్లి అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 ఏసే ఆఖరు రోజు 11వ తారీఖంటే గుండె దడ లేదు. జీఎస్టీఆర్-1 ఫైలు రెండు నిమిషాలల్ల తయారైతది, మొదట్ల ఆ ఫైలు తీసి జీఎస్టీ వెబ్‌సైట్, అంటే పోర్టల్‌ల ఎక్కించేటోళ్లం, ఇప్పుడు ఓటీపీ కొడితే సాఫ్ట్‌వేర్‌లకెల్లి నేరుగ పోతది. దానికి ముందుగాల పోర్టల్‌ల మన ప్రొఫైల్ కింద ఏపీఐ యాక్సెస్, అంటే బయటి సాఫ్ట్‌వేర్ పోర్టల్‌తోని మాట్లాడే అనుమతి, ఆన్ చేసుకోవాలె, ఎక్కువల ఎక్కువ 30 రోజులే ఉంటది, మళ్లీ ఆన్ చెయ్యాలె. ఇది ఎవరూ చెప్పలే నాకు, రెండు నెలలు సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్న.

అన్నిటికన్నా ఎక్కువ కష్టపడాల్సింది ఐటమ్ మాస్టర్ దగ్గర, అంటే ప్రతి సరుకు పేరు, కోడ్, పన్ను రేటు ఎక్కించే పట్టీ దగ్గర. మా దాంట్ల విత్తనాలకు పన్ను లేదు, ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18, సూక్ష్మపోషకాలకు అప్పట్ల 12 ఉండె. సరుకుకు పన్ను కోసం ఇచ్చే కోడ్, హెచ్ఎస్ఎన్ చూస్తే యూరియాకు 3102, పొటాష్‌కు 3104, డీఏపీ, కాంప్లెక్స్‌లకు 3105, పురుగుమందులకు 3808. సంక్రాంతి సెలవులల్ల మూడు రోజులు నేను డబ్బా చేతుల పట్టుకొని చదువుడు, మా బిడ్డ కొట్టుడు. ఆ మూడు రోజుల పని ఇయ్యాల్టికి అన్నం పెడుతుంది. గడ్డిమందు ఒకటి పొరపాటున 5 శాతంల పడితే సీజన్ మొత్తం ఆ తప్పు మీదనే బిల్లులు పోతయి, సాఫ్ట్‌వేర్ ఏం అడగదు, మనం ఏది చెప్తే అదే నిజం అనుకుంటది.

ఇగ అసలు ఉపకారం. మనం కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టే పన్నులకెల్లి తీసేసుకునుడే ఇన్‌పుట్. మనకు మాల్ అమ్మినోళ్లు ఎక్కించిన బిల్లుల పట్టీ జీఎస్టీఆర్-2బీ, 2022 జనవరి సంది అందుల కనిపించని బిల్లుకు మనం ఇన్‌పుట్ తీసుకోరాదు. అంటే మాల్ అమ్మినోడు వాళ్ల రిటర్న్‌ల మన నంబర్ మీద ఆ బిల్లు ఎక్కించకపోతే, మనం పన్నుతోని సహా పైసలు కట్టినా గూడ లెక్కల లేనట్టే. 2బీ ప్రతి నెలా 14న వస్తది. మా సాఫ్ట్‌వేర్ దాన్ని దించుకొని మా కొనుగోలు పుస్తకంతోని జోడుపెట్టి మూడు కుప్పలు చేస్తది: రెండు దిక్కులా ఉన్నయి, పుస్తకంల ఉండి పోర్టల్‌ల లేనియి, పోర్టల్‌ల ఉండి పుస్తకంల లేనియి.

2023 సెప్టెంబర్‌ల ఆ రెండో కుప్పల ఒక్క బిల్లు ఎర్రగ కనిపించింది. రెండు లక్షల పురుగుమందు, మీద పన్ను 36,000. వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ కొట్టిన. "అన్నా, ఆగస్టు ఆరో తారీఖు బిల్లు మాకు వస్తలేదు" అంటే, "ఏసినం సేటూ, పన్ను గూడ కట్టినం, మా టోటల్ పైసాతోని సరిపోయింది" అన్నడు. నిజమే, వాళ్లు కట్టిండ్రు, గని మా జీఎస్టీ నంబర్ ఎక్కించకుండ మమ్ములను మామూలు కస్టమర్ లెక్క బిల్లు కొట్టిండ్రు. వాళ్ల దిక్కుకెల్లి చూస్తే తప్పే లేదు, టోటల్ సరిపోయింది కాబట్టి వాళ్లకు ఎన్నటికీ తెల్వదు. తెలిసేది మన దిక్కుకెల్లి మాత్రమే. ఆ నెల 36,000 చేతిలకెల్లి కట్టిన, వాళ్లు మరుసటి నెల రిటర్న్‌ల సరిచేసిండ్రు, మాకు తిరిగి జమ అయింది. అదే చేతి లెక్కలైతే రెండు మూడు వందల బిల్లులల్ల అది నా కంటికి కనపడేదే కాదు, సారు మొత్తం ఇన్‌పుట్ వాడేసుకుంటుండె, నోటీసు వచ్చినప్పుడు 18 శాతం వడ్డీతోని కట్టుకోవాల్సి వచ్చేది. నాకు ఈ ఒక్కదానికే ఎనిమిదేళ్ల రెన్యూవల్ పైసలు వసూలైనట్టు అనిపిస్తది.

2021ల ఐదు కోట్లలోపు వాళ్లకు మూడు నెలలకొకసారి రిటర్న్ వేసే సౌలత్ వచ్చింది, మా టర్నోవర్ మూడు కోట్ల పైచిలుకే గని మేం పోలే. మా సారు ఒకటే మాట అన్నడు, "నెలనెలా వేస్తే తప్పు నెలల తెలుస్తది, మూడు నెలలకు వేస్తే మూడు నెలలకు తెలుస్తది, అప్పటికి సీజన్ ఒడిసిపోయి అవతలోడు ఫోన్ ఎత్తడు". మా యాపారంల ఇది అక్షరాలా నిజం.

పోయినేడు సెప్టెంబర్ 22 సంగతి గూడ చెప్పాలె. 2025ల రేట్లు మారినయి గద, ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి, సోమవారం. మా సరుకుల సూక్ష్మపోషకాలు 12కెల్లి 5కు వచ్చినయి. పాత స్టాక్ 12 కట్టి కొన్నదే, అమ్మేది మాత్రం 5కే. ఇక్కడ సాఫ్ట్‌వేర్ నిజంగ పనికొచ్చింది, ఐటమ్‌ల పాత రేటు కొట్టేయకుండ "ఈ తారీఖుకెల్లి ఈ రేటు" అని ఇయ్యొచ్చు, కాబట్టి 21 వరకు బిల్లులు 12 మీద, ఆ తర్వాతయి 5 మీద దానంతట అవే పోయినయి. పక్క ఊరి దుకాణందారు ఒకాయన నేరుగ రేటు మార్చేసిండు, తర్వాత అదే నెల మొదట్ల కొట్టిన పాత బిల్లు ఒకటి ఎడిట్ చేస్తే అది గూడ 5కు మారి కూసుంది. మీరు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా డెమో ఇచ్చేటోన్ని ఇది చూపియ్యమనుండ్రి.

ఇప్పుడు బాధ చెప్తా. ఎరువుల దుకాణమోళ్లకు అకౌంటింగ్ ఒక్కటే కాదు, పోస్ మిషన్ ఉంది. 2018కెల్లి సబ్సిడీ ఎరువు ప్రతి బస్తా సర్కారు ఇచ్చిన ఈ మిషన్‌ల కొట్టే అమ్మాలె, ఎక్కువగ రైతు ఆధార్ వేలిముద్ర మీద. అదీ సర్కారు లెక్కే, ఇదీ సర్కారు లెక్కే, గని రెంటికీ మాటల్లేవు. పోయిన వానాకాలం యూరియాకు లైన్లు కట్టిన రోజులల్ల మా దుకాణం ముంగట పొద్దున ఆరింటికే చెప్పులు వరుసగ పెట్టి పోయిండ్రు. ఒక పెద్దమనిషి, నాట్లేసి ఏసి వేళ్లు అరిగిపోయినయి, ముద్ర పడ్తలేదు, తువ్వాలతోని తుడుచుకుంటడు, మళ్లీ పెడ్తడు, బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది, ఆఖరికి ఎడమచేతి ఉంగరం వేలు పట్టింది. ఎనక వందమంది నిలబడ్డరు. అట్లాంటి రోజు మిషన్‌ల కొట్టి, మళ్లీ కంప్యూటర్‌ల రైతు రైతుకు బిల్లు కొట్టుడు మనిషితోని అయ్యే పనేనా చెప్పుండ్రి.

చానా దినాలు రాత్రి పదకొండింటి దాంక రెండోసారి కొట్టినం. తర్వాత సారే దారి చూపెట్టిండు. రైతులకు పోస్ మిషనే బిల్లు ఇస్తది, జీఎస్టీఆర్-1ల నంబర్ లేని కస్టమర్ల అమ్మకం రేటు ప్రకారం మొత్తమే అడుగుతది, పేరు పేరున అడగదు. కాబట్టి రాత్రి మిషన్‌లకెల్లి రోజు రిపోర్ట్ తీసి, ఐటమ్ వారీగ ఒకటే ఎంట్రీ కొడ్తం, రిపోర్ట్ చీటీ ఫైల్‌ల పెడ్తం. ఇందుల ఇంకో మంచి జరిగింది. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, పన్నుతోని కలిపి. బస్తాకు విడిగ బిల్లు కొడితే అసలు 253.81, కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 6.35 చొప్పున, కలిపితే 266.51, ఒక పైసా ఎక్కువ. ప్రతి బిల్లుల ఆ పైసా రౌండాఫ్ ఖాతాకు పోతది. అట్ల విడివిడిగ 120 బస్తాలకు పన్ను 1,524 వస్తది, అదే 31,980 మొత్తానికి ఒక్క ఎంట్రీ కొడితే 1,522.86. చిన్నదే గని నెలాఖరుకు రిటర్న్‌కు, పుస్తకానికి పొంతన లేక తల పట్టుకున్నది ఈ పైసల కోసమే.

మా అల్లుడు, అంటే బావమరిది కొడుకు, మెల్‌బోర్న్‌ల చిన్న హోటల్ నడుపుతడు. వాళ్ల దగ్గర 2010 సంది స్టాండర్డ్ బిజినెస్ రిపోర్టింగ్ అని ఉన్నదంట, సర్కారు శాఖలన్నీ "జీతం అంటే ఇది, అమ్మకం అంటే ఇది" అని ఒకటే అర్థం రాసుకొని, దాన్నే సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇచ్చినయి. 2019 జూలైకెల్లి చిన్న యజమానులు గూడ జీతం ఇచ్చినప్పుడల్ల ఆ లెక్క సాఫ్ట్‌వేర్‌లకెల్లే టాక్స్ ఆఫీసుకు పంపాలె. "మామా, నేను జీతం కొట్టుడే, రిపోర్ట్ గూడ అదే పోతది" అన్నడు. నాకు మస్తు మనసున పట్టింది ఆ మాట. మేం జీఎస్టీ దాంట్ల అంతదూరం వచ్చినం, నేను ఒప్పుకుంట. గని టీడీఎస్ వేరే, వృత్తి పన్ను వేరే, పోస్ మిషన్ వేరే, లైసెన్స్ స్టాక్ రిపోర్ట్ వేరే, ఒకటే బస్తాకు ఒక్కో దగ్గర ఒక్కో పేరు, ఒక దగ్గర బస్తాలు, ఇంకో దగ్గర టన్నులు.

సాఫ్ట్‌వేర్‌ల నాకు నచ్చనియి రెండు మూడు ఉన్నయి. విత్తనాలకు పన్ను లేదు కాబట్టి కిరాయి, రవాణా లాంటి ఉమ్మడి ఖర్చుల మీది ఇన్‌పుట్‌ల ఆ వాటా మేర వెనక్కి ఇయ్యాలె, మా సాఫ్ట్‌వేర్ ఇది దానంతట అది లెక్క కట్టదు, సారే కాగితం మీద కట్టి ఎంట్రీ కొట్టిస్తడు. కంపెనీలు సీజన్ ఒడిసినంక ఇచ్చే డిస్కౌంట్ క్రెడిట్ నోట్లల్ల కొన్ని జీఎస్టీతోని వస్తయి, కొన్ని పన్ను లేకుండ ఒట్టిగ పైసల నోట్లు వస్తయి, రెండూ ఒకే ఫారంల కొట్టుమంటది, ఒట్టి నోటును జీఎస్టీ నోటు లెక్క కొడితే ఇన్‌పుట్ ఊకెనే తగ్గిపోతది. ఇంకోటి, రిటర్న్ ఏసినంక గూడ పాత నెల బిల్లు మార్చనిస్తది. 2020ల మా పిల్లగాడు ఒక పాత బిల్లుల పరిమాణం సరిచేసిండు, ఏడాది రిటర్న్ జీఎస్టీఆర్-9 ఏసేటప్పుడు పుస్తకం ఒక తీరు, ఏసిన రిటర్న్‌లు ఒక తీరు, ఆ ఒక్క బిల్లు కోసం నేను, సారు నాలుగు రోజులు ఎతికినం. ఇప్పుడు 20వ తారీఖు, నెల పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బీ ఏసిన రోజే ఆ నెలకు తాళం పెడ్త, పాస్‌వర్డ్ నా దగ్గరనే. బ్యాకప్ ప్రతి రాత్రి పెన్‌డ్రైవ్‌ల తీసి ఇంటికి తెచ్చుకుంట, దుకాణంల పెట్ట.

కొత్తగ తీసుకునేటోళ్లు యాసంగి అయినంక, ఏప్రిల్‌ల మొదలువెట్టుండ్రి, కొత్త ఆర్థిక సంవత్సరం, గిరాకీ గూడ ఉండదు. సీజన్ నడిమిట్ల మొదలువెట్టి ఇడిసిపెట్టినోళ్లను మా బజార్లనే ముగ్గుర్ని చూసిన. నేను మొన్న ఇంకో ఏడాదికి రెన్యూవల్ కట్టిన, కట్టేటప్పుడు కంపెనీ పిల్లగానికి మూడు రాసిచ్చిన: పోస్ రోజు రిపోర్ట్ ఫైలు నేరుగ ఎక్కాలె, విత్తనాల వాటా ఇన్‌పుట్ దానంతట అది కట్టాలె, రిటర్న్ ఏసిన నెలకు దానంతట అదే తాళం పడాలె. ఆ పిల్లగాడు ఫోటో తీసుకున్నడు. మీలో ఎవరి సాఫ్ట్‌వేర్‌లనన్న మొదటిది ఇప్పటికే నడుస్తుంటే జర చెప్పుండ్రి, వానాకాలం లోపు మారుతా.