తలసరి ఆదాయమా, బహుముఖ పేదరిక సూచీయా: జిల్లా ప్రగతికి ఏది మేలైన కొలత?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా జిల్లా బాగోగులను లెక్కగట్టే గణాంక అధికారి ముందు ప్రధానంగా రెండు కొలతలు ఉంటాయి. ఒకటి ఏటా వెలువడే తలసరి ఆదాయం, రెండోది నీతి ఆయోగ్ 2021లో తొలిసారి ప్రకటించిన జాతీయ బహుముఖ పేదరిక సూచీ.

తలసరి ఆదాయానికి బలం క్షేత్రస్థాయి శ్రమలో ఉంది. కోవూరు వైపు వరి కోతకు రాగానే గణాంక సిబ్బంది ముందే ఎంపికైన పొలంలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, ఆ మేరకే కోయించి, నూర్పించి, గింజలను తూకం వేసి దిగుబడిని అంచనా కడతారు. ఇలాంటి లెక్కలు ఏటా అందుతాయి గనుక కరవు దెబ్బ త్వరగానే తెలుస్తుంది. అయితే ఈ కొలత చూసేది ఆదాయం ఎక్కడ పుట్టిందనే గాని, ఎవరి చేతికి చేరిందని కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాబడి, క్వారీ యజమాని ఏ నగరంలో కాపురమున్నా, ప్రకాశం ఖాతాలోనే పడుతుంది; కనిగిరి, పామూరు పల్లెల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో వలసపోయిన తాపీ పనివారి కూలి ఆ నగరాల ఖాతాకు పోతుంది, వారు ఇంటికి పంపే డబ్బు ఇక్కడి లెక్కకు ఎక్కదు. జాతీయాదాయాన్ని బట్టి ప్రజల సంక్షేమాన్ని అంచనా వేయడం కష్టమని ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించారు.

బహుముఖ సూచీ నేరుగా ఇంటి గడప దాటి చూస్తుంది. పోషణ, బడి చదువు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా వంటి 12 అంశాలను తూచి, లోటు మూడో వంతుకు చేరిన కుటుంబాన్ని పేద కుటుంబంగా గుర్తిస్తుంది. ఏ లోటు ఎక్కువో విడదీసి చూపుతుంది గనుక, నిధులు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవలసిన కలెక్టరుకు ఇదే అక్కరకొస్తుంది. చిక్కల్లా, దీనికి ఆధారమైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏటా జరగదు; 2015-16 తరువాత మళ్లీ 2019-21లోనే జరిగింది.

అంతకంటే పెద్ద లోపం నీళ్ల దగ్గర ఉంది. తాగునీటి వనరు మెరుగైనదేనా, పోయి రావడానికి అరగంట లోపు పడుతుందా అన్నంతవరకే సూచీ అడుగుతుంది. బోరు ఉంటే సరిపోయినట్టే. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ ఉన్నదే ఆ బోరు నీళ్లలో. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి ఈ సూచీలో ఎక్కడా లేకపోవడం వల్ల, పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుపోయిన మనిషి ఉన్న ఇంటికి సైతం తాగునీటి గడిలో లోటు లేదనే నమోదవుతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నా మొగ్గు బహుముఖ సూచీకే, అదీ కనిగిరి వంటి పడమటి మండలాల నీటి పరీక్షల ఫలితాలను దాని పక్కన మరో వరుసగా చేర్చాలన్న షరతు మీద. పంటలు, రొయ్యలు, కృష్ణపట్నం రేవు రాబడి ఏటా ఎటు కదులుతున్నాయో చూడడానికి మాత్రం తలసరి ఆదాయాన్ని ఉంచుకోవచ్చు.