ఆటోక్యాడ్‌లో స్క్రిప్ట్ ఫైళ్లు: ఏడేళ్లు వాడాక

గాజువాకలో చిన్న సర్వే ఆఫీసు మాది. ఆనందపురం, భీమిలి వైపు లేఅవుట్లే ఎక్కువ. టోటల్ స్టేషన్ (సైటులో కొలతలు తీసే యంత్రం) పాయింట్లు ఎక్సెల్‌లో వస్తాయి, వాటిని ఆటోక్యాడ్ ఎల్‌టీలోకి (డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌లో చిన్న వెర్షన్) ఎక్కించాలి. ఆటోక్యాడ్‌లో ప్రోగ్రాములు రాసుకునే ఆటోలిస్ప్ భాష ఎల్‌టీకి 2024 వెర్షన్‌తో గానీ రాలేదు కాబట్టి అంతవరకూ నాకు స్క్రిప్టే దిక్కు. స్క్రిప్ట్ అంటే కమాండ్లు వరసగా రాసిన టెక్స్ట్ ఫైలు, ఆటోక్యాడ్ దాన్ని చదువుకుంటూ చేసుకుపోతుంది.

పని తేలిక. ఎక్సెల్‌లో పక్కన ఒక కాలమ్ పెట్టి కమాండ్ పేరు, ఒక ఖాళీ, ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), కామా, నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం) అతికిస్తాను. కిందిదాకా లాగితే వెయ్యి వరసలు తయారు. నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి ఎస్‌సీఆర్ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి, ఆటోక్యాడ్‌లో స్క్రిప్ట్ కమాండ్ కొట్టి ఫైలు చూపించడమే. చేత్తో రోజున్నర పట్టేది టీ చల్లారేలోపు అయిపోతుంది. నోట్‌ప్యాడ్ చివర టీఎక్స్‌టీ తగిలించేస్తుంటుంది, అది చూసుకోండి.

స్క్రిప్ట్‌కి బుర్ర లేదు, మనం ఉంచుకోవాలి. ఇందులో ఖాళీ అన్నా ఎంటర్ అన్నా ఒకటే. వరస చివర కనపడని ఖాళీ ఒకటి మిగిలితే అది ఇంకో ఎంటర్ అయి, ఇందాకటి కమాండ్‌నే మళ్లీ మొదలెడుతుంది. అందుకే ఎక్సెల్‌లో ట్రిమ్ (అదనపు ఖాళీలు తీసేసే ఫార్ములా) వెయ్యకుండా నేను ఏదీ కాపీ చెయ్యను.

నాకు గట్టిగా తగిలింది మాత్రం స్నాప్, అంటే కొత్త పాయింటుని దగ్గర్లో ఉన్నదానికి అతికించే సదుపాయం. మూడేళ్ల కిందట ఒక బౌండరీకి రెండు వందల పైచిలుకు పాయింట్లు తోలి, ప్రింటు తీసి సైటుకి పంపేశాను. మర్నాడు పొద్దున్నే కుర్రాడి ఫోను: "ఏటన్నయ్యా, నాలుగు రాళ్లు ఒకేచోట చూపిస్తంది?" ఎక్సెల్ తీసి చూస్తే అంకెలు సరిగ్గానే ఉన్నాయి. మన వైపు యూటీఎం (భూమిని జోన్లుగా చేసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 జోన్‌లో ఈస్టింగ్ ఏడు లక్షల నలభై వేల పైన, నార్తింగ్ పంతొమ్మిది లక్షల యాభై వేల పైన వస్తుంది. అంతంత అంకెల్లో రెండు మూడు మీటర్ల తేడా కంటికి ఆనదు. తప్పు నాదే. నోడ్ స్నాప్ (పాయింట్లకి అతికే స్నాప్) ఆన్‌లో పెట్టి, డ్రాయింగంతా కనపడేలా జూమ్ అవుట్ చేసి స్క్రిప్ట్ తోలాను. స్నాప్ పరిధి స్క్రీన్ మీద పిక్సెళ్ల లెక్క. దూరం నుంచి చూస్తుంటే ఆ పిక్సెళ్లలో మీటర్లకి మీటర్లే పడతాయి, కొత్త పాయింటు పక్కదానికి అతుక్కుపోతుంది. కీబోర్డుతో కొడితే ఇలా అవదు. ఓఎస్‌న్యాప్‌కోఆర్డ్ అనే సెట్టింగ్ మామూలుగా 2 మీద ఉంటుంది, అంటే టైపు చేసిన అంకెకే పెద్దపీట, స్క్రిప్ట్‌కి తప్ప. ఆ "తప్ప" చదవకే నాకు సైటు ఖర్చు రెండోసారి పడింది. ఇప్పుడు ప్రతి ఫైల్లోనూ మొదటి వరస ఓఎస్‌మోడ్ 0, అంటే స్నాప్‌లన్నీ ఆఫ్.

టెక్స్ట్‌తో ఇంకో చిక్కు. టెక్స్ట్ స్టైల్‌లో అక్షరాల ఎత్తు ముందే పెట్టి ఉంటే ఆటోక్యాడ్ ఎత్తు అడగదు. మనం ఎత్తుకని ఇచ్చిన 0.5 కోణమైపోతుంది, కోణానికిచ్చిన సున్నా పేరులో కలుస్తుంది. పి12 అని రావాల్సింది అర డిగ్రీ వాలి "0 పి12" అని పడుతుంది. ఆ వాలు ఎవరికీ కనపడదు, ఆ సున్నాయే పట్టిస్తుంది.

ఈమధ్య మా కుర్రాడు చాట్‌బాట్ చేత స్క్రిప్ట్‌లు రాయిస్తున్నాడు. చూడ్డానికి బానే ఉంటాయి గానీ, లేయర్ కమాండ్ ముందు హైఫన్ పెట్టనిది ఒకటి వచ్చింది (హైఫన్ ఉంటేనే విండో తెరవకుండా కమాండ్ లైన్లో అడుగుతుంది). ప్యాలెట్ తెరుచుకుంది, వెనకొచ్చిన లేయర్ పేర్లన్నీ కమాండ్లనుకుని తిరగ్గొట్టింది. మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి తోలేముందు తెరిచి చదవమని చెప్పాను. ఎస్కేప్ కొడితే ఆగుతుంది, ఒక్క అన్‌డూతో మొత్తం వెనక్కి వస్తుంది కూడా. అదొక్కటీ చాలా ఊరట.

ఇప్పుడు లిస్ప్ ఉన్నా పాయింట్లకి నేను స్క్రిప్టే వాడుతున్నా. సైటు కుర్రాళ్లకి ఎక్సెల్ వచ్చు, లిస్ప్ బ్రాకెట్లు రావు. అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ స్నాప్‌కి కోశాను.