జాగ్రత్త: ‘లక్ష తెలుగు పుస్తకాల పెన్‌డ్రైవ్’ ప్రకటన చూసి డబ్బు కట్టకండి

“లక్ష తెలుగు పుస్తకాలు ఒకే పెన్‌డ్రైవ్‌లో! వేదాల నుంచి డిటెక్టివ్ నవలల దాకా. 2 టీబీ. ధర 1,299 రూపాయలు మాత్రమే. ఆఫర్ ఈ రోజుతో ఆఖరు.” ఇలాంటి ప్రకటన కొన్నాళ్లుగా సోషల్ మీడియాలో తిరుగుతోంది. పాత పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ల ఫోన్లలోనే ఎక్కువగా కనిపిస్తోంది. నేను తెప్పించాను. మీరు తెప్పించకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే పేరు మార్చుకుని, ధర మార్చుకుని ఇదే సరుకు మళ్లీ వస్తుంది.

మా బాబాయి రిటైరైన తెలుగు మాస్టారు. నెట్‌లో నాకు దొరికే పాత పుస్తకాలు, పత్రికల లింకులు ఆయనకీ, మరికొందరు మిత్రులకీ వాట్సాప్‌లో పంపుతుంటాను. లింకు నొక్కాక డౌన్‌లోడ్ ఫోన్లో ఎక్కడ పడిందో ఆయనకు దొరకదు. అన్నీ ఒకచోట ఉంటే ల్యాప్‌టాప్‌కి తగిలించుకుని చదువుకుంటారు కదా అని ఆర్డర్ పెట్టాను. వచ్చింది ఏ కంపెనీ పేరూ లేని పెన్‌డ్రైవ్. బిల్లు లేదు. కవర్ మీద ఉన్నది అమ్మినవాడి అడ్రస్ కాదు, ఎక్కడిదో గోడౌన్ అడ్రస్. డబ్బిచ్చాకే పార్సిల్ విప్పాలన్నాడు కొరియర్ అబ్బాయి. అతన్ని అని లాభం లేదు, వాళ్ల పద్ధతి అంతే.

తగిలించగానే బాగానే అనిపిస్తుంది. పురాణాలు, ఆయుర్వేదం, జ్యోతిషం, నవలలు, పిల్లల కథలు అంటూ ఫోల్డర్లు వరసగా ఉంటాయి. మొదటి ఫోల్డర్లలో పుస్తకాలు తెరుచుకున్నాయి కూడా. కిందికి వెళ్లేకొద్దీ ‘ఫైల్ దెబ్బతింది’ అన్న సందేశమే. పేరు ఉంది, సైజు ఉంది, లోపల ఏమీ లేదు. వేరే కంప్యూటర్లో పెట్టినా అదే తంతు.

ఇందులో జరిగేదేమిటంటే, పెన్‌డ్రైవ్‌లో డేటా దాచే చిప్ ఒకటి, ఎంత చోటుందో కంప్యూటర్‌కు చెప్పే కంట్రోలర్ ఒకటి ఉంటాయి. నకిలీ సరుకులో ఆ కంట్రోలర్ చేత అబద్ధం చెప్పిస్తారు. లోపల 32 జీబీ చిప్ పెట్టి 2 టీబీ అని చూపిస్తారు. ఫైళ్ల పేర్లు, సైజులు రాసుకునే పట్టిక సాధారణంగా డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి జాబితా మొత్తం చక్కగా కనబడుతుంది. అసలు చోటు నిండాక రాసింది ఎక్కడా నిలవదు, లేదంటే ముందు రాసినదాని మీదే పడి దాన్నీ పాడు చేస్తుంది. వంద మందికి వండి వెయ్యి విస్తళ్లు వేసినట్టన్నమాట.

కొనకముందే పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు. స్కాన్ చేసిన తెలుగు పుస్తకం పీడీఎఫ్ మామూలుగా 10 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది. 20 అనుకుంటే లక్ష పుస్తకాలకు 20 లక్షల ఎంబీ, అంటే 2 టీబీ. సరిగ్గా సరిపోయింది! ప్రకటన రాసినవాడు లెక్క తెలియనివాడేం కాదు. కానీ పేరున్న కంపెనీ 2 టీబీ హార్డ్‌డిస్క్ ధర ఎంతుందో ఏ షాపులోనైనా అడిగి చూడండి. ఖాళీదే ఆ డబ్బుకు రాదు, పుస్తకాలు నింపి ఇంటికి పంపితే ఎలా వస్తుంది? ఇంకోచోట ‘16 జీబీలో పది వేల పుస్తకాలు’ అని చూశాను. అది మరీ విచిత్రం. పుస్తకానికి 1.6 ఎంబీయే దక్కుతుంది. ఇక ప్రకటన పేజీలో ‘ఇంకా 9 నిమిషాలే’ అని పరిగెత్తే గడియారం ఉంటుంది చూశారా, పేజీ మూసి మళ్లీ తెరవండి, మొదటికొస్తుంది.

సరే, తెరుచుకున్న పుస్తకాల సంగతి. చాలా ఫైళ్లకు పేరు బదులు 2015 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఉంది. పాత పుస్తకాలు వెతికే అలవాటున్నవాళ్లకు అది ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే ఉచిత పుస్తకాల సైటులో ఉన్న నంబర్లు అవి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మన చిత్తూరు జిల్లా మనిషి రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు కలిసి చేసిన స్కానింగ్ అది. ఆ తర్వాత కార్ల్ మాలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ అనే స్వచ్ఛంద సంస్థ వాటిని ఆర్కైవ్‌లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టింది. ఎవరెవరో ఏళ్ల తరబడి పేజీ పేజీ తిప్పి ఊరికే ఇచ్చినదాన్ని వీడు పేరైనా మార్చకుండా అమ్ముతున్నాడు.

సేకరించే పనికి డబ్బు తీసుకోవడం తప్పని నేననను. ఎవరైనా కూర్చుని ఏ ముద్రణ మంచిదో, దేనిలో పేజీలు పోయాయో చూసి, తెలుగులో పేర్లు పెట్టి, విషయాలవారీగా సూచిక తయారుచేసి ఇస్తే సంతోషంగా కొంటాను. అది కష్టమైన పని. ఈ డ్రైవ్‌లో ఒకే శతకం భక్తిలో, నీతిలో, పిల్లల కథల్లో మూడుసార్లు ఉంది. ‘తెలుగు నవలలు’ ఫోల్డర్లో హిందీ పుస్తకాలున్నాయి. ఎవరూ తెరిచి చూడలేదని దానితోనే తెలిసిపోతోంది.

ఇంకా ఇబ్బందికరమైనది, ఇప్పుడు రాస్తున్నవాళ్ల నవలలు కూడా అందులో ఉన్నాయి. షాపుల్లో అమ్ముడవుతున్న పుస్తకాలను ఫోన్ కెమెరాతో తీసి పెట్టారు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు మాత్రం 2043 చివరి దాకా హక్కులుంటాయి. ‘లీగల్ కలెక్షన్’ అని ప్రకటనలో రాసినంత మాత్రాన లీగల్ అయిపోదు.

వైరస్ సంగతీ మరవకండి. పుస్తకం బొమ్మతో కనిపించే ఫైల్ పేరు చివర పీడీఎఫ్ బదులు ఈఎక్స్ఈ, ఎల్ఎన్‌కే, ఏపీకే లాంటి అక్షరాలుంటే ముట్టుకోవద్దు. విండోస్‌లో ఆ చివరి అక్షరాలు మామూలుగా దాగి ఉంటాయి, సెట్టింగ్స్‌లో కనిపించేలా పెట్టుకోండి. ఆఫీసు కంప్యూటర్‌కైతే ఇలాంటి డ్రైవ్ అసలే తగిలించవద్దు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లుంటే, పార్సిల్ ఇంకా దారిలో ఉంటే తీసుకోకుండా తిప్పి పంపేయండి. తీసుకున్నారా, విప్పేటప్పుడు వీడియో తీయండి, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, మధ్య ఫోల్డర్లలోంచి ఓ పాతిక ఫైళ్లు తెరిచి చూడండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్లో అమ్మే సంస్థ తన అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను కొన్న పేజీలో ఇవేవీ లేవు, ఒక వాట్సాప్ నంబరు తప్ప. అది కూడా చూసుకోవాల్సిన గుర్తే. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే వేయొచ్చు. వెయ్యి రూపాయలకు ఇంత టెన్షన్ ఎందుకని చాలామంది వదిలేస్తారు. వాళ్ల ధైర్యమూ అదే.

ఇక్కడ రెండో గొయ్యి ఉంది. నేను వాట్సాప్‌లో గట్టిగా అడిగాక వేరే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. “రీఫండ్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం సార్, క్యూఆర్ కోడ్ పంపాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడిపోతుంది” అన్నారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే పోవడమే. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా అంతే. నేను పెట్టేశాను గానీ, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. పొరపాటున ఎవరైనా కొట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. సైబర్ మోసాల్లో ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మరి పుస్తకాలు కావాలంటే? ఆర్కైవ్‌లో నేరుగా వెతకండి, లాగిన్ కూడా లేకుండా చాలావరకు దిగుతాయి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు కాబట్టి ‘హెచ్’ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, రచయిత ఇంటిపేరుతో ఇంకోసారి వెతకాలి. తెలుగు వికీసోర్స్‌లో వలంటీర్లు స్కాన్ ఎదురుగా పెట్టుకుని టైపు చేసి దిద్దిన పుస్తకాలున్నాయి. కళ్లు సరిగా ఆననివాళ్లకు అదే నయం, ఫోన్లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, తితిదే ఈ-బుక్స్ సైటు, నిఘంటువుల కోసం ఆంధ్రభారతి, అన్నీ ఉచితమే.

నచ్చినవి సొంత హార్డ్‌డిస్క్‌లో దాచుకోవడం మంచిదే. 2024 అక్టోబరులో ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి సైటు కొన్ని రోజులు తెరుచుకోలేదు. కాకపోతే మిత్రులకు పంపేటప్పుడు ఫైల్‌తో పాటు అది దొరికిన పేజీ లింకు కూడా పంపండి. ముద్రణ ఏదో, ఏ లైబ్రరీ ప్రతో ఆ పేజీలోనే ఉంటుంది. ఫైల్ ఒక్కటే నాలుగు గ్రూపులు తిరిగితే ఊరూ పేరూ పోయి చివరికి ఇలాంటివాడి ఫోల్డర్లో తేలుతుంది.

మా బాబాయికి ఇప్పుడు పేరున్న కంపెనీ 64 జీబీ పెన్‌డ్రైవ్ కొని, ఆయన అడిగినవి ఒక్కొక్కటే వేసి ఇస్తున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు ఇంకా తేలలేదు. తేలితే ఇక్కడే రాస్తాను.

మరొక్క మాట. పుస్తకాలు పోతే పోయాయి, డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి పెళ్లి ఫొటోలకో, ఆఫీసు ఫైళ్లకో వాడుకుందాం అనుకోవద్దు. ఫార్మాట్ చేసినా అది 2 టీబీ అనే చెబుతుంది, నిండాక ఫొటోలనూ అలాగే మింగుతుంది. అసలు చోటెంతో తెలుసుకోవాలంటే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. డ్రైవ్‌లో ఉన్నది ముందు మీరే తీసేయాలి, తర్వాత అవి ఖాళీ చోటంతా రాసి మళ్లీ చదివించి చూస్తాయి. గంటల కొద్దీ పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఆ ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జత చేయవచ్చు, కానీ తుడిచేముందు ఫోల్డర్లనూ, తెరుచుకోని ఫైళ్లనూ వీడియో తీసి ఉంచుకోండి.